భయంతో మూతపడిన తలుపులు

జనన నియంత్రణను జాతీయ కార్యక్రమంగా ప్రపంచంలో మొట్టమొదట చేపట్టిన ఘనత భారతదేశానిదే. 1952లో ఆరంభమైన ఈ యత్నం తొలి దశాబ్దంలో పట్టణాల చికిత్సాలయాలను దాటి అంతగా వ్యాపించలేదు. 1968లో ప్రభుత్వం ‘నిరోధ్’ను ప్రవేశపెట్టి, మూడింటిని 15 పైసలకే అమ్మించింది. తేయాకు, సబ్బుల కంపెనీల పంపిణీ వ్యవస్థ ద్వారా అవి కిళ్ళీకొట్టుకు సైతం చేరాయి. కావలసినవారు కొనుక్కున్నారు, నిర్బంధమన్న మాట లేదు.

అత్యవసర పరిస్థితి కాలంలో రాజధానిలోనే ఈ పద్ధతి తలక్రిందులైంది. 1976 ఏప్రిల్‌లో జామా మసీదు చెంత దుజానా హౌస్‌లో శస్త్రచికిత్సా శిబిరం వెలిసింది. చేరువలోనే తుర్క్‌మాన్ గేటు వద్ద ఇళ్ళ కూల్చివేత సాగింది. ఏప్రిల్ 19న పోలీసులు కాల్పులు జరిపారు. ఆపరేషనూ, ఇల్లు పోవడమూ ప్రజల మనసులో ఒక్కటైపోయాయి. ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు ‘కేసుల’ లక్ష్యాలు విధించారు. పునరావాస కాలనీలలో ఆపరేషను ధ్రువపత్రం ఇంటిస్థలానికి ఆధారమైంది.

1976-77లో దేశవ్యాప్తంగా 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. అందులో సుమారు 62 లక్షలు పురుషులకు చేసినవే. మరుసటి సంవత్సరం మొత్తం సంఖ్య పది లక్షలలోపుకు పడిపోయింది. 1977 ఎన్నికలలో ఢిల్లీలోని ఏడు లోక్‌సభ స్థానాలనూ జనతా పార్టీ గెలుచుకున్నది. కొత్త ప్రభుత్వం ‘కుటుంబ నియంత్రణ’ పేరును ‘కుటుంబ సంక్షేమం’గా మార్చింది.

పేరు మారినా భయం పోలేదు. దాని మూల్యాన్ని స్త్రీలు చెల్లించారు. స్త్రీలకు చేసే ట్యూబెక్టమీ కన్న పురుషులకు చేసే వాసెక్టమీ సులువైనది, ప్రమాదం తక్కువైనది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలోని దంపతులలో నూటికి 38 మంది విషయంలో ఆపరేషను జరిగింది భార్యకే. భర్తకు జరిగినది నూటికి ఒక్కటి కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల ఆపరేషన్ల వంతు 70కి చేరింది.

1996లో కేంద్రం లక్ష్యాల విధానాన్ని రద్దు చేసింది. 2017లో ‘అంతర’ ఇంజెక్షను, ‘ఛాయ’ మాత్రలు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా లభించసాగాయి. నిర్బంధానికి నిలయమైన ఢిల్లీలోనే అదే సర్వే ప్రకారం స్త్రీకి సగటున 1.6 మంది పిల్లలు. అక్కడి దంపతులు శస్త్రచికిత్స కన్న నిరోధ్ వంటి సాధనాలనే ఎక్కువగా ఎంచుకుంటున్నారు. దుకాణంలో దొరికే సాధనం, అడిగితే విడమరచి చెప్పే నర్సు, వద్దంటే ఊరుకునే అధికారి ఉన్నచోట కుటుంబ నియంత్రణకు బలవంతంతో పనిలేదు.