మోటారుబండి టైర్లును వానకాలమును

వంటయింటి పొదుపును గూర్చియు, చంటిబిడ్డల పోషణను గూర్చియు చదువుట కలవాటుపడిన మీకు, ఈ మాసమున మేము మోటారుబండి టైర్లను గూర్చి వ్రాయుట వింతగా దోపవచ్చును. టైర్ల సంగతి మగవారిదని మేమును చాలకాలము తలచితిమి. బండి నడుపుట నేర్చిన పిదపకూడ అట్లే తలచితిమి. 2023వ సంవత్సరము జూలై మాసమున అనంతగిరి కొండమలుపున జరిగిన యొక సంగతి మా తలపును మార్చినది.

మా కాపురము వికారాబాదు. మావారు ఇచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తగారు తాండూరున పెద్దయింట మా మరిదియొద్ద నుందురు. నడుమ దూరము ఇంచుమించు నలువది కిలోమీటర్లు. మావారికి బండి నడుపుటయందు రుచి లేదు. స్టీరింగు చేతబట్టినంతనే పిల్లలకు మరునాడు చెప్పవలసిన లెక్కలు జ్ఞప్తికి వచ్చునట! కావున ఆ పని నాలుగేండ్ల క్రిందటనే మా పాలికి వచ్చినది.

వికారాబాదు విడిచి తాండూరు దారి పట్టిన కొద్దిసేపటికే అనంతగిరి అడవి వచ్చును. మూసీనది పుట్టుక ఈ కొండలయందే. అనంతపద్మనాభస్వామి కోవెలయు, క్షయరోగుల ఆరోగ్యశాలయు ఇచ్చటనే వెలసినవి. దారి మెలికలు తిరుగుచు పోవును. ఆ దినమున అత్తగారిని, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని బయలుదేరితిమి. చాల దినముల యెండ తరువాత అరగంట సేపు చినుకులు పడి వెలసినవి. మా వేగము ముప్పదియైదు కిలోమీటర్లకు మించదు. ఒక మలుపున ఎదురుగా బండలలారీ వచ్చినది. బ్రేకు నొక్కి స్టీరింగు త్రిప్పితిమి. బండి తిరుగలేదు. నూనె పూసిన పీటపై జారినట్లు తిన్నగా సాగి, దారి ప్రక్క మట్టిలో దిగబడి, ఒక మద్దిచెట్టునకు రెండు మూరల దూరమున నిలిచినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. చిన్నది మాత్రము నిద్రనుండి లేచి, ఊరు వచ్చినదా యని యడిగినది. అత్తగారు స్వామి నామము జపించుచుండిరి. మమ్ము ఒక్క మాట యనలేదు. అనియున్న బాగుండెడిదని తరువాత పలుమారు తలచుకొంటిమి.

తాండూరు చేరి మెకానికును పిలిపించితిమి. అతడు టైరుపై వ్రేలుపెట్టి చూపినది మేము నాలుగేండ్లలో ఒక్కనాడును చూడనిది. టైరు చుట్టును గాళ్లు కలవు గదా. ఆ గాళ్ల యడుగున అచ్చటచ్చట రబ్బరు కొంచెము ఎత్తుగా గట్టువలె నుండును. టైరు అరిగి ఆ గట్టుతో సమమైనచో గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదన్నమాట. కారునకు అంతకు తక్కువ లోతు చట్టమునకే సమ్మతము గాదు. మా ముందు టైర్లు ఆ గట్టును దాటి యరిగినవి! మఱియు టైరు ప్రక్కభాగమున 2317 అను నాలుగంకెలుండెను. 2017వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున చేసినదని దాని యర్థము. పాలపిండి డబ్బాపై తేదీ చూడక కొనని వారము, బిడ్డలను మోయు టైరుపై అంకె యున్నదని కూడ ఎఱుగక పోయితిమి.

గాళ్ల పని యేమని మీరడుగవచ్చును. తడిదారిపై టైరు దొర్లునపుడు దాని క్రింది నీరు ఎటో యొకవైపునకు తొలగవలెను. గాళ్లు ఆ నీటిని కాలువలవలె ప్రక్కలకు పంపును. గాళ్లు పూడిపోయినట్లు అరిగినచో నీరు పోవుటకు త్రోవ లేదు. వేగము హెచ్చినకొలది ఆ నీరు టైరు ముందు చేరి దానిని పైకెత్తును. అపుడు బండి దారిపై గాక నీటిపై తేలుచుండును, స్టీరింగు త్రిప్పినను వినదు. మాది అంత వేగము గాదు, అంత నీరును లేదు. మమ్ము జార్చినది తొలిచినుకు. ఎండకాలమంతయు దారిపై రాలిన నూనెబొట్లు, దుమ్ము, రబ్బరుపొడి తొలిచినుకునకు తడిసి పలుచని జిగురగును. గంటసేపు జోరువాన కురిసినచో అది కొట్టుకొనిపోవును. అందుచేత పెద్దవానకు జంకువారు తొలిచినుకునకు మరింత జంకవలెను.

మా తాండూరు త్రోవకు వేరొక విశేషము కలదు. తాండూరు నాపరాళ్లకు పేరుగన్న చోటు. మీ యింటి నేలలందును ఆ నీలిబండయో పసుపుబండయో పరచియుండవచ్చును. బండలు కోసి నునుపుచేయు యంత్రశాలలనుండి వచ్చు రాతిపిండి దారుల ప్రక్క కుప్పలుగా పడియుండును. ఎండిననాడు అది కండ్లలో పడును. తడిసిననాడు సున్నపు ముద్దవలె టైరునకు అంటుకొనును. బండలలారీలు, సిమెంటు లారీలు తిరుగు దారి కావున గుంతలకు కొదువ లేదు. ఊరిబయట పొలములు నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండునది ఆ నేలలోనే. కందికి ఎంత మంచిదో చక్రమునకు అంత చెడ్డది. తడిసినచో చక్రము ఇరుసుదాక దిగిపోవును. కర్ణుని రథచక్రమును నేల మ్రింగిన కథ చదివినపుడెల్ల మాకు నల్లరేగడియే కండ్లయెదుట నిలుచును.

అందుచేతనే మా మరిది, "వదినా! రాతిగనుల దారిని పోవు నా జీపునకు పెద్ద పెద్ద గట్లు గల మడ్ టైర్లు వేయించితిని. ఎంత బురదయైనను లెక్క లేదు. మీరును అవియే వేయించుడు" అనెను. అంగడివాడును అవియే చూపెను. వాని వెల యెక్కువ యగుట కూడ అందులకు కారణమేమో. మావారు రెండింటిలో చౌకయైనది కొందమనిరి. చూచుటకు మడ్ టైరు బలాఢ్యునివలె నుండును. దానిని చూచిన యేతల్లికైనను పిల్లలకు ఇదియే క్షేమమని తోచును. మాకును అట్లే తోచినది.

ఆ వారముననే మా ఆడపడుచు కెనడా దేశపు ఎడ్మంటను నగరమునుండి ఫోనున మాటలాడినది. తాండూరున పుట్టి, మంచును సినిమాలలో తప్ప చూడని పిల్ల. ఇపుడు శీతకాలమున మైనస్ ఇరువది డిగ్రీల చలిలో బిడ్డను బడికి దింపి వచ్చుచున్నది. మా తగవు విని నవ్వి, "వదినా! ఇచ్చటికి వచ్చిన మొదటి శీతకాలము మా యింటను ఇదే తగవు" అని తన సంగతి చెప్పినది.

ఆ దేశములందు చలికాలపు టైర్లు వేరు. అందు రెండు జాతులు. ఒకటి మేకుల టైరు: రబ్బరులో నూటికి పైగా చిన్న లోహపు మేకులు దిగగొట్టియుండును. మేకుల కొనలు టంగ్‌స్టన్ కార్బైడు అను మిక్కిలి గట్టి పదార్థము. గడ్డకట్టిన నీటిని అవి పిల్లిగోళ్లవలె గీరి పట్టుకొనును. రెండవది మేకులు లేనిది. దాని బలమంతయు రబ్బరులో నున్నది. మామూలు టైరు రబ్బరు చలికి బిగిసి కొయ్యవలె నగును. ఏడు డిగ్రీలకు తక్కువైన దినములందు చలికాలపు టైరే మేలని అచ్చటివారి లెక్క. ఈ మేకులేని టైరు ఎంత చలియందైనను మెత్తగా నుండును. దాని యొడలెల్ల సన్నని కోతలుండును. అవి మంచుపై నిలిచిన పలుచని నీటిపొరను పీల్చి, అంచులతో నేలను పట్టును. హిమప్రయాణమునకై ప్రత్యేకముగా టైరు చేసినది మొదట ఫిన్లాండు దేశమున, 1934లో.

మేకులదియే మేలుగదా యని మేమంటిమి. సున్న డిగ్రీల చుట్టుప్రక్కల, పైన నీరూరుచున్న గడ్డమంచుపై దానికి సాటి లేదట. కాని మంచు తీసివేసిన ఉత్త దారిపై ఆ మేకులే రబ్బరునకును నేలకును నడుమ అడ్డుపడి బండిని జార్చును. ఆగుటకు మరికొంత దూరము పట్టును. చప్పుడును మెండు. పైగా దారిని గీరి ధూళి లేపును. ఈ ధూళి బాధ పడలేకయే జపాను 1990లో చట్టము చేసినది. జర్మనీ 1975లోనే మేకులను మాన్పించినది. అమెరికాలో మనవారు పెక్కండ్రున్న మిన్నెసోటా రాష్ట్రమును 1971నుండి వానిని ఒల్లదు. ఆల్బర్టాలో మాత్రము ఎవరి యిష్టము వారిది.

"నేను తిరుగునది నగరములో. తెల్లవారునప్పటికి పెద్ద దారులలో మంచు తీసివేయుదురు. చలి మిక్కుటమైనపుడు గడ్డమంచు పొడిగానే యుండును. అపుడు రెండు జాతులకును పెద్ద భేదము లేదు. అందుచేత మేకులు లేనివి కొంటిని. మా ప్రక్కింటియామె దినమును పల్లెదారిని ఎనుబది కిలోమీటర్లు పోవును, ఆమెవి మేకులవి. ఇద్దరము సరిగానే కొంటిమి, వదినా! నీవు ఏ దారిని ఎన్నిమారులు పోవుదువో మొదట లెక్క చూచుకొనుము" అనినది.

లెక్క యనగానే మాకు మా పద్దుపుస్తకము జ్ఞప్తికి వచ్చినది. పెట్రోలు పోయించిన ప్రతిసారి ఎచ్చటికి పోయితిమో వ్రాసియుంచుట మా యలవాటు. అంతకు ముందటి వానకాలపు పద్దు తిరుగవేసితిమి. మొత్తము నలువదిరెండు ప్రయాణములు. అందు తారుదారి విడిచి మట్టిలో దిగినవి మూడే. ఆ మూటిలో ఒకటి గనుల యొద్దకు. అది మరిది జీపులో పోదగినదే. మిగిలిన ముప్పదితొమ్మిదియు తడిసిన తారుపైననే. మేము జారినదియు బురదలో గాదు, తారుపై.

మడ్ టైరు గట్లు దూరదూరముగా నుండుట బురదకు మంచిది; బురద నడుమనుండి రాలిపోవును. కాని ఆ దూరముచేతనే తారుపై ఆనెడు రబ్బరు తక్కువ. తడితారుపై మలుపులయందును, బ్రేకు నొక్కినపుడును దాని పట్టు మామూలు దారిటైరు పట్టుకంటె తక్కువే. మోతయు, పెట్రోలు ఖర్చును అదనము. ఎడ్మంటనులో మేకులకున్న గుణదోషములే ఇచ్చట గట్లకును ఉన్నవి. మేము దారిటైరునే యెంచితిమి. బషీరాబాదు, యాలాల మండలములందు పొలముగట్టుననే యిల్లుండి, దినమును రేగడిలో దిగి యెక్కువారు మాత్రము మా మాట వినవలదు. వారికి మా మరిది మాటయే సరియైనది.

మా యూరికి గంట ప్రయాణములోపలనే, సదాశివపేటయొద్ద, ఎమ్మారెఫ్ వారి టైర్ల కర్మాగారము కలదు. ఇంత చేరువలో టైర్లు పుట్టుచుండగా వానిని గూర్చి మేమింత యెఱుగకుండుట చిత్రమే! గాలిటైరు పుట్టుకయందు ఒక బిడ్డ ప్రమేయము కలదు. బెల్ఫాస్టు నగరమున డన్లప్ అను పశువైద్యుడు తన చిన్నవాని మూడుచక్రముల బండి కుదుపు మాన్పుటకై గాలి నింపిన రబ్బరుగొట్టమును చక్రములకు చుట్టి, 1888లో దానికి పేటెంటు పొందెను.

రెండు టైర్లు మాత్రమే మార్చి ఖర్చు తగ్గింతమని మావారనిరి. అట్లైనచో క్రొత్తవానిని ముందు వేయుదమని అంగడివాడనెను. ఇచ్చట మీరు జాగ్రత్తపడవలెను. రెండే కొన్నచో క్రొత్తవి వెనుకనే వేయింపవలెను. ముందుచక్రములు జారినచో బండి తిన్నగా పోవును. వేగము తగ్గించినచో మరల వశమగును. వెనుకచక్రములు జారినచో బండి గిరుక్కున తిరిగిపోవును, దానిని పట్టుట మనబోంట్ల తరము గాదు. మావి నాలుగును అరిగినవే కావున నాలుగును మార్పించితిమి. ఇరువదియైదు వేలు దాటినది. ఆ దీపావళికి చీరలు లేవు.

గాలి సంగతియు చెప్పవలెను. ముందు తలుపు తెరచినచో ప్రక్క కంబముపై ఒక చీటి యంటించియుండును. ఎంత గాలి యుండవలెనో అందున్నది. మేము తాండూరునుండి కందుల బస్తాలు వేసికొని వచ్చు దినములందు నిండుబరువునకు చెప్పిన అంకె చూతుము. గాలి చూపించునది ప్రయాణమునకు ముందే, టైరు చల్లగా నున్నపుడే. నడచి వేడెక్కిన టైరు గాలి యెక్కువ చూపి మోసగించును. నెలకొకసారి వెన్నెల పూర్ణిమనాడు చూపించుట మా నియమము. తిథి యేదైనను నష్టము లేదు, మరువకుండుటకై పూర్ణిమ.

క్రొత్త టైర్లు వేసిననాడు అత్తగారు తామును అంగడికి వచ్చిరి. నాలుగు చక్రముల క్రిందను నాలుగు నిమ్మకాయలు పెట్టించిరి. పిదప కండ్లద్దములు తెప్పించుకొని వంగి, ఆ నాలుగంకెలు తమకు చూపుమనిరి. 1923 అని యున్నది. 2023వ సంవత్సరము పందొమ్మిదవ వారమని చెప్పితిమి. అది యే నెల యగునని యడిగిరి. మే మాసము రెండవ వారము, వైశాఖమంటిమి.

"వైశాఖమా! అయినచో మన ఆవకాయ పెట్టిన నాటిదే" అని, చక్రమును చేతితో తట్టి, బండి యెక్కి కూర్చుండిరి.