దారి ప్రమాదములు – నష్టపరిహారపు రాజీలు



మన పల్లెలలో మోటారు బండి తగిలి మనిషి కూలినపుడు, ఠాణాకంటె ముందుగ కబురు పోవునది పెద్దమనుష్యులకే. రచ్చబండకడ కూర్చుండి, ఉభయపక్షములను ఒప్పించి, ఇంత సొమ్మని తేల్చి, కాగితముమీద వ్రేలిముద్రలు వేయించుట మన కలవాటు. కలహము పెరుగకుండ చూచుట పెద్దరికమే. కాని చట్టప్రకారము రావలసిన దెంతయో యెరుగక చేసిన రాజీ భర్తను కోల్పోయిన యిల్లాలి నోటికాడి కూడును, పసిబిడ్డల చదువును తగ్గించును. కావున నిట్టి రాజీలకు చట్టము పెట్టిన హద్దులను ఈ పూట విన్నవించెదను.

ఈ విచారము మనకు క్రొత్తది గాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండివలన కలుగు హానిని గూర్చి ప్రత్యేకముగ చెప్పబడినది. ముక్కుత్రాడు తెగుట, కాడి విరుగుట మొదలగు పది సందర్భములలో దండనము లేదు. తోలువాడు నేర్పు లేనివాడైనచో దండుగ యజమానునిది; నేర్పరి యయ్యును హాని చేసినచో తోలువానిది. అవయవమునకు గాయము చేసినవాడు, గాయపడినవాడు కోలుకొనువరకు నగు ఖర్చు భరింపవలెను. దీనినే సముత్థానవ్యయ మందురు. నేటి చట్టము ఇంకను ముందునకు పోయినది. నేర్పరియైన డ్రైవరును పెట్టినంతమాత్రమున యజమానునకు బాధ్యత తప్పదు. యజమాను డిచ్చుకొనలేనివాడైనను బాధితుడు చెడకుండుటకై, 1988 నాటి మోటారు వాహనముల చట్టము మూడవవారి బీమాను నిర్బంధము చేసినది.

మోటారు వాహనములు రాజ్యాంగమున ఉమ్మడి జాబితాలోనివి. ప్రధాన శాసనము పార్లమెంటుది. పరిహారపు ట్రిబ్యునళ్లను నియమించుట, దరఖాస్తు రీతిని, విచారణ క్రమమును నిర్ణయించుట రాష్ట్రములవి. 1989 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నియమావళి అట్టిది. ప్రమాదము జరిగినచోట గాని, బాధితుడు నివసించుచోట గాని, ప్రతివాది యుండుచోట గాని దరఖాస్తు వేయవచ్చును. బొంబాయికి పనికి పోయి అచ్చట గాయపడి వచ్చిన మన యూరివాడు తన జిల్లాలోనే న్యాయ మడుగవచ్చునన్న మాట.

ఇక లెక్క. 2009లోను 2017లోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులవలన దీనికొక క్రమ మేర్పడినది. ఉదాహరణమునకు 32 ఏండ్ల తాపీపనివాడు, నెలకు 12,000 రూపాయలు గడించువాడు, చనిపోయెననుకొందము. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి, వెరసి నలుగురు అతనిపై ఆధారపడినవారు. 40 ఏండ్లలోపు వాడు గనుక ముందు పెరుగబోవు సంపాదనక్రింద నూటికి 40 వంతులు కలుపగా 16,800. ఆధారపడినవారు నలుగురు మొదలు ఆరుగురు వరకు నున్నచో అతని స్వంత ఖర్చుక్రింద నాలుగవవంతు తీసివేయుదురు, మిగిలినది 12,600. సంవత్సరమునకు 1,51,200. ముప్పదియొకటి మొదలు ముప్పదియైదు ఏండ్లవారికి గుణకము 16. హెచ్చింపగా 24,19,200 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువానిక్రింద మరికొంత చేరును. నేను చూచిన రాజీపత్రములలో ఇట్టి కుటుంబములకు లక్ష, రెండు లక్షలు వ్రాసినవి కలవు. ఈ రెంటికి గల దూరమును పెద్దలే యోచింపుడు.

గాయము తగిలి బ్రతికినవాని విషయమున డాక్టరు వ్రాసిన అంగవైకల్యపు వంతు ఒక్కటియే చాలదు. ఆ వైకల్యము వాని జీవనమునెంత దెబ్బతీసినదో చూడవలెను. ఒక్కటే కాలు పోయినను, కూర్చుండి లెక్కలు వ్రాయు గుమాస్తాకు కలుగు నష్టము వేరు. తాడిచెట్టెక్కు గీతపనివానికి కలుగు నష్టము వేరు. వానికి చెట్టుతోపాటు బ్రతుకే పోయినది. బాధితుని తప్పును కొంత యున్నచో ఆ మేరకు తగ్గింతురే కాని మొత్తము త్రోసివేయరు.

తప్పెవరిదో నిరూపింప నక్కరలేని మార్గమును గలదు. 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న సవరణప్రకారము మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు. కాని ఈ సొమ్మును అంగీకరించినచో పెద్ద పరిహారమునకై వేసిన దరఖాస్తు రద్దగును. లెక్క చూచుకొనకుండ తొందరపడరాదు. గుద్దిన బండి యేదో తెలియకున్నచో మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రత్యేక నిధినుండి లభించును. దీనికి ఆ ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను.

అట్లయిన రాజీ పనికిరాదా యందురేమో. పనికివచ్చును, పద్ధతిగ జరుగవలెను. బీమా కంపెనీ అధికారి ట్రిబ్యునలు ఎదుట ఇంత ఇత్తునని చెప్పవచ్చును. బాధితు డొప్పినచో ట్రిబ్యునలు దానిని నమోదు చేయును, 30 దినములలో కంపెనీ సొమ్ము చెల్లింపవలెను. లోక్ అదాలత్తులోను రాజీపడవచ్చును. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు గనుక ఒప్పుకొనకముందే లెక్క సరిచూచుకొనవలెను. మైనరు బిడ్డల వాటాను న్యాయస్థానపు అనుమతి లేక రాజీచేయు నధికారము తల్లికి సయితము లేదు. మనకు మొదలే లేదు.

మరి మూడు హెచ్చరికలు. నిర్లక్ష్యముగ బండి నడిపి మనిషిని చంపుట రాజీపడదగిన నేరము గాదు. కేసు పెట్టమని సొమ్ము పుచ్చుకొని వ్రాసిన కాగితము చెల్లదు. పైగా పోలీసు రికార్డు లేనిచో బీమా కంపెనీ ప్రమాదమునే శంకించును. రెండవది, దరఖాస్తునకు ఆరు నెలల గడువు చట్టమున చేరినది. దానిపై సుప్రీంకోర్టులో వివాదము నడచినది గాని, ఆ ఆశతో కాలయాపన చేయుట వివేకము గాదు. మూడవది, ట్రాక్టరు తొట్టిలోను, సరకుల లారీలోను పెండ్లివారి నెక్కించుట. ఊరక యెక్కినవారికి ఆ బండి బీమా సామాన్యముగ వర్తింపదు. బండి యజమానుడు తన పొలమమ్మి యిచ్చుకొనవలసి వచ్చును.

కావున రేపు మీ గడపకు ఇట్టి తగవు వచ్చినపుడు, ముందు గాయపడినవానిని ఆసుపత్రికి పంపుడు. పిదప ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయింపుడు. బీమా కాగితమును, జీతపు ఆధారములను, వైద్యపు రసీదులను జాగ్రత్త చేయింపుడు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ వకీలు నిచ్చును. జిల్లా కోర్టున అడుగవచ్చును. ఇంత చేసిన పిమ్మట, ఉభయులను కూర్చుండబెట్టి సమాధానపరచుటకు మీకంటె తగినవారు లేరు.