ఇల్లు కట్టి చూడు!

'పెళ్ళి చేసి చూడు' అనగానే 1952 నాటి విజయా వారి సూపర్ హిట్ గుర్తొస్తుంది కదూ! మరి ఆ సామెతలో మిగతా సగం, 'ఇల్లు కట్టి చూడు', ఎవరు తీశారో తెలుసా? బాలూ మహేంద్ర! మన 'శంకరాభరణం'కి కెమెరా పట్టినాయనే. 1988లో విడుదలైన ఆ తమిళ చిత్రం పేరు 'వీడు'. అంటే ఇల్లనే అర్థం. జంట కూడా మనం 'నిరీక్షణ'లో చూసిందే: భానుచందర్, అర్చన.

పాటల్లేవు, ఫైట్లు లేవు. మద్రాసులో ఉద్యోగం చేసుకునే సుధ, ఓ చెల్లెలు, ఓ తాతయ్య. ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమంటాడు. అద్దె ఇంటికోసం తిరిగి తిరిగి విసిగిపోయి, ఉన్న స్థలంలోనే ఇల్లు మొదలెడుతుంది. ఇహ చూడండి... అప్పు, అనుమతులు, సిమెంటు కాజేసే కాంట్రాక్టరు! సగం లేచిన గోడల మధ్య ఆ తాతయ్య మురిసిపోతూ తిరుగుతుంటే నాకు కన్నీళ్ళాగలేదు. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మరుసటి ఏడు మన 'దాసి'కీ ఆమెకే!

ఈ కథకి మూలం తన తల్లేనన్నారు బాలూ మహేంద్ర. శ్రీలంకలో ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇల్లు కట్టిస్తూ, కట్టిస్తూ నవ్వడమే మానేసిందట. అది చదివి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆవిడ మా అమ్మ కూడా!

నిజం చెప్పొద్దూ, పదకొండేళ్ళలో మేం అయిదు అద్దె ఇళ్ళు మారాం. గోడకి మేకు కొట్టాలన్నా భయమే, నలుగుర్ని పిలవాలన్నా భయమే. ఖాళీ చెయ్యమన్న రోజు నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవారు. చివరికి అప్పుచేసి కట్టారు. ఆ రెండేళ్ళూ అమ్మకి ఇటుకల లెక్కే లోకం. గాజులు తాకట్టుకెళ్ళాయి. సినిమాకి డబ్బులడిగానని ఓ రోజు చెయ్యి చేసుకుంది. అంతకుముందు ఎన్నడూ కొట్టని అమ్మ!

గృహప్రవేశం నాడు అమ్మ చేసిన మొదటి పని, గోడకి తనే మేకు కొట్టి పటం తగిలించడం. "ఇహ మనల్ని ఎవరూ పొమ్మనరురా" అని నవ్వింది. వాయిదాలు మాత్రం నాన్న రిటైరయ్యేదాకా నడిచాయి.

సొంతిల్లు సుఖమా అని అడిగితే ఇదే నా జవాబు. సుఖం గోడల్లో లేదు, 'పొమ్మనరు' అన్న ఆ ధీమాలో ఉంది. ఆ ధీమా ఇచ్చే మంచి ఇంటివాళ్ళు దొరికితే అద్దె ఇల్లయినా స్వర్గమే. అలాగని నవ్వు తాకట్టు పెట్టి కట్టకూడదు. గాజులు విడిపించుకోవచ్చు గానీ ఆ రెండేళ్ళ నవ్వు విడిపించుకోలేం.

మీ ఇంట్లో ఇల్లు కడుతున్న అమ్మ ఉందా? అయితే ఈ ఆదివారం ఓ పూట ఇటుకల లెక్క మీరు చూసి, ఆవిణ్ణి మంచి సినిమాకి పంపండి!