రెండో గొట్టం ఖర్చు ఎవరిది?

బెంగళూరుకు కావేరీ నీరు దాదాపు నూరు కిలోమీటర్ల దూరం నుంచి వస్తున్నది. తొరెకాడనహళ్ళి, హారోహళ్ళి, తాతగుణి అనే మూడు చోట్ల పంపులతో ఎత్తిపోస్తే గాని అది నగరాన్ని చేరదు. 2024 అక్టోబరులో ప్రారంభమైన అయిదో దశ రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తేగలదు. ఇంత శ్రమపడి తెచ్చిన నీటిలో నూటికి ఎనభై వంతులు వాడకం తరువాత మురుగుకాలువకే చేరుతాయన్నది ఇంజనీర్లు ప్రణాళికలకు వాడే లెక్క. ఆ నీటిని శుద్ధిచేసి మొక్కలకు, కట్టడాలకు, కర్మాగారాలకు, మరుగుదొడ్లకు మళ్ళిస్తే ఆ మేరకు కావేరీ నీరు వంటింటికి మిగులుతుంది. 2024 మార్చిలో కరవు ముదిరినప్పుడు, తాగునీటితో కార్లు కడిగినా తోటలు తడిపినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది.

ఈ ఏర్పాటును విస్తరించాలన్న మాటకు ఎదురు చెప్పేవారు అరుదు. డబ్బు దగ్గరే చర్చ ఆగిపోతుంది. నీరు ఇక్కడే పుడుతున్నది కాబట్టి చవక అనుకోవడం పొరపాటు. తాగునీటితో కలవకుండా దీనికి వేరే గొట్టం వేయాలి. అంటే రోడ్డును మళ్ళీ తవ్వాలి. (తవ్విన రోడ్డు ఎప్పుడు పూడుతుందన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం.)

వాడుకునేవారే మొత్తం భరించాలన్నది మొదట తోచే సమాధానం. విమానాశ్రయం వంటి పెద్ద వాడకందారుకు ఇది సరిపోవచ్చు. యలహంక శుద్ధికేంద్రం నుంచి అక్కడికి నీరు వెళుతున్నది కూడా. అయితే సొంత బోరు ఉన్న చిన్న కర్మాగారం సంగతి వేరు. బోరు నీటికి దాని యజమాని లెక్కలో కరెంటు ఖర్చే ఖర్చు. గొట్టాల ఖర్చంతా శుద్ధజలం ధరపై మోపితే అతడు బోరును వదలడు. వేసిన గొట్టం ఎండి ఉంటుంది, భూగర్భజలం అడుగంటుతుంది. కనుక ఈ నీటి ధర తాగునీటి ధరకంటె తక్కువగా ఉండక తప్పదు. ఆ లోటును మరొకరు పూడ్చాలి.

ఆ మరొకరు నీటి బిల్లు కట్టే ప్రజలందరూ కావచ్చు. లాల్‌బాగ్ మొక్కలు శుద్ధజలం తాగితే మిగిలిన కావేరీ నీరు కుళాయి ఉన్న ఇంటికే చేరుతుంది. ఆ ఇల్లు కొంత ఇవ్వడం న్యాయమే. కుళాయి లేక ట్యాంకరు కొనుక్కునే శివారు కుటుంబాన్ని కూడా అదే మొత్తం అడగడం మాత్రం న్యాయం కాదు. ఆ కుటుంబం ఇప్పటికే నగరంలో అందరికంటె ఖరీదైన నీరు తాగుతున్నది.

ప్రభుత్వ ఖజానా భరించిన ఉదాహరణ కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం. రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధజలాన్ని కోలారు చెరువులకు పంపడానికి రాష్ట్ర చిన్న నీటిపారుదల శాఖ గొట్టాలు వేసింది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఆ జిల్లాలో ఎన్నో. ఈ పుటలు చదివేవారిలో కొందరి పొలాలు అక్కడే ఉండవచ్చు. 2018లో నీరు పారడం మొదలైన కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువులో నురుగు కనిపించింది. హైకోర్టు కొంతకాలం సరఫరాను ఆపించింది. చెరువులు నిండి బోర్లలో నీరు పెరిగిందని సంతోషించేవారు, రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని పట్టుబట్టేవారు ఒకే ఊళ్ళో కనిపిస్తారు. ఆ మూడో దశ ఖర్చు కోలారు రైతుది కాజాలదు. మలినపరచినవారే శుద్ధి ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే మన చట్టంలో భాగంగా అంగీకరించింది. ఇక్కడ నీటిని మలినపరచింది బెంగళూరు.

బిల్లులో పారిశుద్ధ్య రుసుము అనే పంక్తి ఉన్నది ఈ శుద్ధి కోసమే. 2014 తరువాత పదకొండేళ్ళకు, 2025 ఏప్రిల్‌లో గాని నీటి ధరలు పెరగలేదు. అన్నేళ్ళపాటు కరెంటు ఖర్చు మాత్రం ఆగి ఉండలేదు. ధర పెంచకపోవడం పేదలకు మేలని వినిపించే వాదం సగమే నిజం, ఎందుకంటే ఎక్కువ నీరు వాడే ఇంటికే ఆ మేలు ఎక్కువగా ముట్టింది.

అద్దెకున్నవారికి మరొక చిక్కు ఉన్నది. అపార్టుమెంటులో రెండో గొట్టం వేయించినప్పుడు ఆ ఖర్చును నెలవారీ మెయింటెనెన్సులో కలిపి వసూలు చేయడం సులభం. పంపు కరెంటు, శుద్ధికేంద్రం నిర్వహణ వంటివి నీరు వాడేవారు పంచుకోదగినవే. గొట్టం మాత్రం ఇంటి విలువను పెంచి గోడలోనే ఉండిపోతుంది. అద్దెదారు పదకొండు నెలల ఒప్పందం ముగియగానే వెళ్ళిపోవచ్చు. మెయింటెనెన్సు పెరిగిన నెలలో ఈ రెండింటి లెక్కను సంఘం నుంచి విడివిడిగా రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది. గొట్టం ఖర్చు ఇంటి యజమాని వాటాలోకి వెళ్ళవలసినది.