ఉత్తర సముద్ర తీరమున మా మేనకోడలి ఊరు

ఇంగ్లండులోని యార్క్‌షైరునకు తూర్పుటంచున, ఉత్తర సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యొక కొండ రెండు అఖాతములను వేఱుచేయుచుండగా, ఆ కొండనెత్తమున పండ్రెండవ శతాబ్దినాటి కోట శిథిలమై నిలిచియుండగా, దక్షిణపు వాలున ఎఱ్ఱపెంకుల యిండ్లు ఒకదాని నొకటి యానుకొనుచు పడవల రేవువఱకు దిగివచ్చిన పట్టణము స్కార్‌బరో. నేడు వేసవి శనివారములందు ఇసుకపై కాలు మోపుటకు చోటు దొరకని యీ యూరికి మొదట ప్రసిద్ధి తెచ్చినవారు రోగులు. 1626 ప్రాంతమున ఫారర్ అను నొక గృహిణి, దక్షిణపు కొండచఱియ క్రింద ఊరుచున్న జలము రాళ్ళకు తుప్పువన్నె పట్టించుటయు, చేదుగా నుండుటయు గమనించి, దానియందు ఔషధగుణము కలదని తలంచెను. 1660లో రాబర్ట్ విట్టీ అను వైద్యుడు ఆ జలమహిమను వర్ణించుచు నొక గ్రంథమే వెలువరించెను. క్రమముగా సముద్రస్నానమును చికిత్సలలో చేరెను. 1845లో యార్కునుండి రైలుమార్గము పడగా, అంతవఱకు కలవారికే దక్కిన యలలు కాయకష్టము చేయువారికిని అందినవి.

రోగుల నాదరించు ఆ పూర్వవృత్తిని నేడు నడపుచున్నవారిలో మా మేనకోడలొకతె. గుంటూరులో నర్సింగు చదివిన యీ బిడ్డ, భర్తతోను చిన్నకూతురితోను ఇచ్చట కాపురముండి, ఆస్పత్రిలో వృద్ధుల వార్డున పనిచేయుచున్నది. ఉద్యోగవిరమణానంతరము శేషజీవితమును సముద్రము చెంత గడపగోరి వచ్చినవారు ఇంగ్లండు తీరపట్టణములందు మెండు. వారి బిడ్డలలో పెక్కురు దూరపు నగరములందుందురు. లండనులో మా యబ్బాయి యింటికి వచ్చియున్న నేనును నా భార్యయు, యార్కులో బండి మాఱి, శుక్రవారము సాయంకాలమున దిగునప్పటికి అమ్మాయి ప్లాట్‌ఫారముమీదనే యుండెను. “మామయ్యా, అమ్మ గోంగూర పంపిందా?” అన్నది ఆమె మొదటి మాట.

మఱునాడు దక్షిణపు తీరమునకు పోయితిమి. 1867లో కట్టిన గ్రాండ్ హోటలు గోడల యంచులను సైతము సముద్రపు శిలాతటములుగా భావించి కిట్టివేక్ పక్షులు గూళ్ళు కట్టుకొని, తమ కలకలముతో అలల ఘోషను మించుచుండెను. యార్క్‌షైరులో చేపలను, బంగాళాదుంప ముక్కలను గొడ్డుకొవ్వులో వేయించుట తరతరాల యాచారమగుటచే, అమ్మాయి మమ్ము నూనెలో వేయించు అంగడిని వెదకి తీసికొనిపోయెను. ఇసుకపై నేటికిని పిల్లలను గాడిదల నెక్కించి త్రిప్పుదురు. మనుమరాలు ఎక్కిన గాడిద వెంట నడచుచుండగా నాకు ఆన్ బ్రాంటీ జ్ఞప్తికి వచ్చెను.

1848 సెప్టెంబరులో అన్నను, డిసెంబరులో అక్క ఎమిలీని పోగొట్టుకొని, తానును క్షయకు లోనైన యీ నవలాకర్త్రి, పూర్వము ఒక కుటుంబమున ఉపాధ్యాయినిగా నున్నపుడు వారివెంట వచ్చి మనసిచ్చిన యీ తీరమునకు, 1849 మే 25వ తేది శుక్రవారమున, అక్క షార్లెట్‌తోను స్నేహితురాలు ఎలెన్ నస్సీతోను చేరెను. శనివారము గాడిదబండి నెక్కి ఇసుకపై తిరుగుచు, ఆ మూగజీవము బాధపడునేమోనని పగ్గములు తానే పుచ్చుకొని, దానిని దయతో చూడుమని తోలెడి కుఱ్ఱవానికి బోధించెను. ఆదివారము చర్చికి పోవలెనని కోరగా తోడివారు వారించిరి. సాయంకాలము కిటికీకడ కూర్చుండి అస్తమయకాంతులను వీక్షించెను. సోమవారము మధ్యాహ్నము ప్రాణము విడిచెను. అప్పటికామెకు 29 ఏండ్లు. ఆమె విడిది చేసిన చోటనే పిమ్మట గ్రాండ్ హోటలు లేచినది. వృద్ధుడైన తండ్రి మఱియొక బిడ్డకు అంత్యక్రియలు చూడవలసిన దుఃఖమును తప్పింపదలంచి, షార్లెట్ చెల్లెలిని కోటదిగువ సెయింట్ మేరీ చర్చి ఆవరణమున ఖననము చేయించెను. కుటుంబమున తక్కినవారెల్లరు స్వగ్రామమైన హావర్తులో విశ్రమించుచుండగా ఈమె యొక్కతెయే యిచ్చట మిగిలెను. శిలపై వయస్సు 28 అని తప్పుగా చెక్కబడినది. ఉప్పుగాలికి అక్షరములును అరగిపోవుటచే, సరియైన వయస్సుతో వేఱొక పలకను ఇటీవలి కాలమున సమాధిచెంత నుంచిరి.

మేమును ఆ యావరణమునకు పోయి కూర్చున్నపుడే అమ్మాయి మనసు విప్పినది. కొన్నియేండ్లు పనిచేసి తిరిగివత్తునని తల్లికిచ్చిన మాట నిలుపుకొనలేననియు, ఇచ్చటనే యిల్లు కొనదలచితిమనియు, రాత్రి డ్యూటీలో తన చేయి పట్టుకొనినగాని నిదురపోని ముదుసళ్ళను విడిచిపోవుట తనకు సాధ్యముకాదనియు చెప్పి కన్నీరు పెట్టుకొనెను. అయినవారికి దూరమై కన్నుమూయువారికడ మన యింటి బిడ్డ యుండుట నాకు గర్వకారణము. ఆమె నిర్ణయము సరియైనదనియే నా దృఢవిశ్వాసము. కాని ఏటేట ఎదురుచూచుచున్న నా చెల్లెలి గుండె యేమగునో యను బెంగయు నాకు తక్కువ కాదు.

“మీరే చెప్పండి మామయ్యా, మీ మాటైతే అమ్మ వింటుంది,” అన్నది. ఫోనులో చెప్పదగిన మాట కాదనియు, గుంటూరు చేరినతోడనే చెల్లెలి యింటికి పోయి, ఎదుట కూర్చుండి నేనే చెప్పెదననియు మాటయిచ్చితిని.