యంత్రం మరచిపోతే...

ఢిల్లీలో జనక్‌పురికి చేరువనున్న తీహార్ జైలులోని విచారణ ఖైదీల రిమాండు పొడిగింపు నేడు వీడియో తెర మీద కూడా జరుగుతున్నది. సాక్షి ఇలా తెర మీద కనిపించి చెప్పినా చెల్లుతుందని 2003లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంతటి పనికి ఆధారమైన యంత్రం చెడితే మరొకటి కొనవచ్చు. అందులో నింపుకొన్న నెట్‌వర్కు అమరికలనూ, ఏ న్యాయస్థానానికి ఏ నంబరో తెలిపే జాబితానూ ఏ అంగడిలోనూ కొనలేము. ఫ్యాక్టరీ రీసెట్‌తో అవి తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే మరమ్మతుకు ముందే నకలు తీయాలి. కొన్ని యంత్రాలలో అమరికలది ఒక ఫైలు, చిరునామాలది వేరొక ఫైలు. ఒకటి తీసి రెండవది మరవడం బహు తేలిక. సంకేతపదాలు ఒక్కొక్కప్పుడు నకలులోకి రానే రావు; వాటిని విడిగా భద్రపరచాలి. నకలును తిరిగి ఎక్కించాక ఒక్క కోర్టుకైనా కాల్ చేసి చూడాలి. ఆ పరీక్షను విచారణకు ముందురోజే ముగించడం మేలు.