గుల్లలు వండుకునే ముందు



మన గోదావరిఖని పక్కగా పారే గోదావరి చివరకు సముద్రంలో కలుస్తుంది. అక్కడ, కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో, మంచినీరు ఉప్పునీరు కలిసే బురదలో గుల్లలు, నత్తలు, ఆలిచిప్పలు బ్రతుకుతాయి. లోపలి మాంసం కూర వండుతారు, పై చిప్పలు కాల్చి సున్నం చేస్తారు. కోస్తా నుండి వచ్చే బంధువులు కొందరు వీటిని మనకూ తెస్తుంటారు.

గుల్లల్లో మాంసకృత్తులు, ఇనుము ఉన్నాయి. మంచి ఆహారమే. అయితే గుల్ల నీటిని లోపలికి పీల్చి, వడగట్టి, అందులోని నలుసులను తింటుంది. ఆ నీటిలో మురుగు కలిస్తే రోగక్రిములు దాని ఒంట్లోనే పోగవుతాయి. పైన ఎంత కడిగినా అవి పోవు. 1988లో చైనాలోని షాంఘైలో సరిగా ఉడకని గుల్లలు తిని సుమారు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ కామెర్లు వచ్చాయి. ఈ జబ్బు తిన్న 2 నుండి 6 వారాలకు బయటపడుతుంది. అప్పటికి ఏం తిన్నామో మనకు గుర్తుండదు.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి:

1. నోరు తెరిచి, తట్టినా మూసుకోని గుల్లలు, చెడు వాసన వచ్చేవి పారవేయండి.

2. మసిలే నీళ్లలో చిప్పలు విచ్చుకున్నాక ఇంకో 5 నిమిషాలు ఉడికించండి. విచ్చుకోనివి తినవద్దు.

3. ఒలిచిన మాంసమైతే ఐసులో పెట్టి తెమ్మని చెప్పండి. దాన్నీ బాగా ఉడికించాలి.

4. కాలేయ జబ్బు, షుగరు ఉన్నవారు, గర్భిణులు సగం ఉడికినవి అసలు ముట్టవద్దు.

5. తిన్న తర్వాత పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి.

కళ్లు పచ్చబడితే పసరు మందులతో రోజులు గడపకండి. డాక్టరు గారికి చూపించి, గుల్లలు తిన్న సంగతి కూడా తప్పక చెప్పండి.